టిక్కెట్టు లేని ప్రయాణికుడు

పిల్లలూ! హైదరాబాదు నుండి విజయవాడ పోయే పెద్ద రోడ్డు మీద సూర్యాపేట, కోదాడ వస్తాయని మీకు తెలుసు గదా! బస్సు ఎక్కినవారికి కండక్టరు టిక్కెట్టు ఇస్తాడు. కాని ఆ బస్సులోనే టిక్కెట్టు లేని ప్రయాణికుడు ఒకడు ఉంటాడు. వాడు కంటికి కనిపించడు. ఒకరి చేతి మీదనో, మరొకరి పేగులలోనో దాగి ఉంటాడు. సూర్యాపేటలో ఎక్కి కోదాడలో దిగుతాడు. మరొక బస్సెక్కి మిర్యాలగూడ పోతాడు. వాడే బాక్టీరియా అనే సూక్ష్మజీవి.

బాక్టీరియాలన్నీ చెడ్డవి కావు. పాలను పెరుగుగా మార్చేవి అవే. మన పేగులలో కోట్లకొలదిగా కాపురం ఉంటూ, మనకు మేలు చేసేవి కూడా ఉన్నాయి. అయితే టైఫాయిడు, కలరా, క్షయ వంటి జబ్బులు తెచ్చేవి కూడా బాక్టీరియాలే. వెనుకటి కాలంలో టైఫాయిడు వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ భయమే. పదిమందికి వస్తే ఒకరో ఇద్దరో దక్కేవారు కారు.

ఆ భయాన్ని తగ్గించినవి యాంటీబయోటిక్ మందులు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బూజు నుండి వచ్చే పెనిసిలిన్‌ను కనిపెట్టాడు. భీమవరంలో పుట్టిన మన తెలుగువాడు ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకుడుగా ఉండేవాడు. అక్కడే బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అనే మందు తీశాడు. అది 1948లో లోకానికి తెలిసింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే క్లోరాంఫెనికాల్ అనే మందు వచ్చి టైఫాయిడును లొంగదీసింది.

కాని కథ అంతటితో ముగియలేదు. 1972లో కేరళలోని కోళికోడులో టైఫాయిడు వ్యాపించింది. డాక్టర్లు అలవాటు ప్రకారం క్లోరాంఫెనికాల్ ఇచ్చారు. క్రిములు ఆ మందుకు లొంగలేదు!

ఇది ఎట్లా జరిగింది? ఒక లెక్క చేద్దాము. తిండి, వెచ్చదనం సరిగా అమరితే కొన్ని బాక్టీరియాలు ఇరవై నిమిషాలకు ఒకసారి రెండుగా చీలుతాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. కాగితం మీద వేసి చూడండి. ఏడు గంటలు గడిచేసరికి ఇరవై లక్షలు దాటుతాయి. చీలేటప్పుడెల్లా క్రిమి తన లక్షణాల పట్టీకి నకలు తీస్తుంది. లక్షల నకళ్లలో ఎక్కడో ఒక అక్షరం తప్పుతుంది. ఆ తప్పు వలన ఎప్పుడైనా ఒక క్రిమికి మందును తట్టుకొనే గుణం రావచ్చు.

తరువాత ఏమవుతుంది? మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరిచేలు చూడండి. వరిలో ఊద అనే కలుపు మొలుస్తుంది. రైతు కలుపుమందు చల్లుతాడు. చాలా మొక్కలు చస్తాయి. మందుకు ఓర్చుకొన్న రెండు మొక్కలు మిగిలితే, చేలో రాలేవి వాటి గింజలే. ఏటేటా అదే మందు చల్లితే చివరకు మందుకు చావని కలుపే మిగులుతుంది. మన ఒంట్లోనూ ఇట్లాగే జరుగుతుంది. యాంటీబయోటిక్ వేసుకొన్నప్పుడు లొంగే క్రిములు చస్తాయి. మొండివాటికి చోటు దొరుకుతుంది. “ఒళ్లు మందుకు అలవాటు పడింది” అని కొందరు అంటారు. అది సరి కాదు. మారేది మన ఒళ్లు కాదు, క్రిములు!

ఇంకొక వింత కూడా ఉన్నది. ఒక క్రిమి తాను సంపాదించిన మొండితనాన్ని పక్క క్రిమికి అందించగలదు. ఆ గుణాలు చిన్న ఉంగరం వంటి దానిలో రాసి ఉంటాయి. దీనిని ప్లాస్మిడ్ అంటారు. బడిలో ఒక పిల్లవాడు లెక్క చేసి కాగితం పక్కవాడికి అందించినట్లు, ఒక జాతి క్రిమి మరొక జాతి క్రిమికి ఈ ఉంగరాన్ని అందిస్తుంది.

దీనివల్ల ఎంత ముప్పు వచ్చిందో చెబుతాను, వినండి. హైదరాబాదు అనగానే మనకు చార్మినారు గుర్తుకు వస్తుంది. పాకిస్తానులో సింధునది దగ్గర మరొక హైదరాబాదు ఉన్నది. 2016 నవంబరు నుండి ఆ ఊళ్లో పిల్లలకు టైఫాయిడు రాసాగింది. క్లోరాంఫెనికాల్‌తో పాటు అయిదు రకాల మందులు పనిచేయలేదు. శాస్త్రజ్ఞులు ఆ క్రిమిని పరీక్షించారు. పేగులలో ఉండే ఇ. కోలై జాతి బాక్టీరియాల నుండి దానికి ఒక ప్లాస్మిడ్ వచ్చి చేరినట్లు తేలింది. మురుగు కలిసిన తాగునీరే ఆ జబ్బును ఇల్లిల్లూ తిప్పిందని పరిశీలించినవారు భావించారు. 2018 చివరికి సింధు రాష్ట్రంలో అయిదు వేలకు పైగా రోగులు తేలారు. నోటితో మింగే మందులలో ఆ క్రిమిపై పనిచేసేది ఒక్క అజిత్రోమైసిన్ మాత్రమే మిగిలింది.

అప్పుడు వారికి సాయం ఎక్కడి నుండి వెళ్లిందో తెలుసా? మన హైదరాబాదు నుండి! ఇక్కడి భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన టైఫాయిడు టీకాను 2018లో ఆ హైదరాబాదు పిల్లలకు వేశారు. 2019 నవంబరులో పాకిస్తాను ఆ టీకాను సింధులోని పిల్లలకు పెద్దఎత్తున వేయడం మొదలుపెట్టింది. టీకా వేసుకొన్న బిడ్డకు జబ్బు వచ్చే భయం చాలా తగ్గుతుంది. జబ్బే రాకపోతే మందుతో పని లేదు. మందు వాడకపోతే మొండి క్రిములు పెరిగే అవకాశమూ తగ్గుతుంది.

ఇక మన ఊళ్ల సంగతి చూద్దాము. మొండి క్రిమి రోగి ఒంట్లోనే ఉండిపోదు. మలంతో పాటు మురుగుకాలువలో పడుతుంది. కాలువ పక్కనే పోయే మంచినీటి గొట్టానికి పగులు ఉంటే, అందులో చేరుతుంది. ఈగ కాళ్లకు అంటుకొని మిఠాయి మీద వాలుతుంది. కడగని చేతితో పెట్టిన ముద్దలో దూరుతుంది. టైఫాయిడు తగ్గిన వారిలో కొందరు తమకు తెలియకుండానే ఆ క్రిమిని మోస్తూ తిరుగుతారు. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉండే పట్నంలో దానికి దారులెక్కువ. నీటికి మాత్రం ఊరి పొలిమేర తెలుసునా? హైదరాబాదు గుండా వచ్చే మూసీనది సూర్యాపేట ప్రాంతపు పొలాలకు నీరిచ్చి, మిర్యాలగూడ దిగువన వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పై ఊరి మురుగు కింది ఊరికి చుట్టమవుతుంది.

కనుక యాంటీబయోటిక్ మందు ఊరి చెరువు వంటిది. కట్టకు ఒకడు గండి కొడితే అందరి నీళ్లూ పోతాయి. కాలు విరిగి ఆపరేషను చేయాలన్నా, నెలలు నిండని పసికందును కాపాడాలన్నా డాక్టర్లకు ఈ మందులే అండ. అవి పనిచేయకపోతే చిన్న పుండు కూడా ప్రాణం మీదికి రావచ్చు.

మరి ఏం చేయాలి? జలుబు, ఫ్లూ జ్వరం వైరసుల వలన వస్తాయి. యాంటీబయోటిక్ వైరసును ఏమీ చేయదు. కావున మందుల షాపులో “జ్వరం మాత్ర ఇవ్వండి” అని అడిగి యాంటీబయోటిక్ తెచ్చుకోరాదు. డాక్టరు ఇచ్చినప్పుడు భయపడి మానరాదు. చెప్పినన్ని పూటలు, చెప్పినన్ని రోజులు వేసుకోవాలి. నెమ్మదించగానే మీ అంతట మీరు ఆపరాదు. మిగిలిన మాత్రలు పక్కింటివారికి ఇవ్వరాదు. అన్నానికి ముందు, దొడ్డికి పోయివచ్చిన తరువాత సబ్బుతో చేతులు కడగాలి. నీరు మంచిదో కాదో అనుమానమైతే కాచి తాగాలి. టీకాలు వేళకు వేయించుకోవాలి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. అమ్మనో నాన్ననో అడిగి ఇంట్లోని మందుల డబ్బా తెరిపించండి. మీరు మాత్రలు ముట్టుకోవద్దు, అట్టలు చూస్తే చాలు. కొన్ని అట్టల మీద నిలువుగా ఒక ఎర్రగీత కనిపిస్తుంది. డాక్టరు చీటీ లేనిదే ఆ మందు వాడరాదని దాని అర్థం. ఈ గీతను గుర్తుపట్టండని ప్రభుత్వం 2016లో ప్రజలకు ప్రచారం చేసింది. గీత ఉన్న అట్టలో ఎప్పటివో మాత్రలు మిగిలి ఉంటే, వాటిని ఏం చేయాలో డాక్టరును అడగమని పెద్దలకు చెప్పండి. ఆ గీత సంగతి తెలియనివారు మీ వీధిలో ఎందరున్నారో లెక్కపెట్టి, వారందరికీ మీరే చెప్పండి.