జాతర దారిలో బండి ఇంజిన్ మొరాయిస్తే? జనగామ నుంచి భూపాలపల్లి దాకా సాయం ఎక్కడ దొరుకుతుందంటే..

మేడారం జాతరకు ఒకప్పుడు ఎడ్ల బండ్లు కట్టుకుని వెళ్లేవారు. ఇప్పుడు ఆ చోటులోకి టెంపో ట్రావెలర్లు, తుఫాన్లు, డీసీఎంలు వచ్చాయి. బియ్యం మూట, గ్యాస్ స్టవ్, చాపలు, దుప్పట్లు, మొక్కు కోడి, అమ్మవార్లకు సమర్పించే బంగారం (బెల్లం).. అన్నీ అందులోనే. వంట బండి పక్కన, పడక బండిలో. రెండు మూడు రోజులు అదే ఇల్లు. ఇలాంటి బండినే లోపల మంచం, సింకు పెట్టి అందంగా తయారు చేస్తే క్యారవాన్ అనో, మోటార్ హోమ్ అనో పిలుస్తున్నారు. పేరు ఏదైనా, ఆ ఇల్లు నడిరోడ్డు మీద ఆగిపోతే మాత్రం కష్టం ఒక్కటే. లోపల పదిహేను మంది ఉంటారు, అందులో ముసలివాళ్లు, పసిపిల్లలు. బయట చీకటి, వెనక నుంచి లారీలు.

2026 జనవరి 28 నుంచి 31 వరకు మేడారం మహాజాతర జరిగింది. అంతకుముందు 2025 మే నెలలో కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు. 2027లో గోదావరి పుష్కరాలు, ఆ తర్వాత 2028లో మళ్లీ మేడారం. అంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి రోడ్లకు రద్దీ తగ్గేది లేదు. బండి ఆగితే ఏం చేయాలో ముందే తెలిసి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ముందు మనుషులు, తర్వాతే ఇంజిన్

బండి ఆగగానే చాలామంది చేసే పని బానెట్ ఎత్తడం. అది తర్వాత. వీలైనంత ఎడమకు తీసి, హజార్డ్ లైట్లు వేసి, హ్యాండ్ బ్రేక్ లాగాలి. చక్రాల కింద రాళ్లు పెట్టాలి. మెరిసే త్రికోణాన్ని బండికి బాగా వెనక, కనీసం యాభై మీటర్ల దూరంలో పెట్టాలి. హైవే అయితే ఇంకా దూరం. అది లేకపోతే చెట్టు కొమ్మ అయినా పర్లేదు, మన లారీ డ్రైవర్లు ఎప్పటి నుంచో చేస్తున్నదే. ఆ తర్వాత అందరినీ ట్రాఫిక్ లేని వైపు నుంచి దింపి, రోడ్డు అంచు దాటించి కూర్చోబెట్టాలి. ఆగిన బండిలో నిద్రపోవడం, బండి వెనక నిలబడి ఫోన్ మాట్లాడటం.. ఈ రెండూ అస్సలు వద్దు. వెనక నుంచి వచ్చే లారీ డ్రైవర్‌కు ఆగిన బండి కూడా కదులుతున్నట్టే కనిపిస్తుంది. దగ్గరికొచ్చాక బ్రేక్ వేసినా లాభం ఉండదు.

ఇంకో మాట. బండిలో గ్యాస్ సిలిండర్ ఉంటే రెగ్యులేటర్ తీసేసి కిందికి దించాలి. ఇంజిన్ వేడెక్కి ఉన్నప్పుడు, డీజిల్ కారుతున్నప్పుడు ‘ఎలాగూ ఆగాం కదా, టీ పెట్టుకుందాం’ అంటూ అక్కడే స్టవ్ వెలిగించకండి.

1033 ఎక్కడ పనిచేస్తుంది?

జాతీయ రహదారి మీద ఉంటే మొదట చేయాల్సిన ఫోన్ 1033. ఇది నేషనల్ హైవేస్ అథారిటీ హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉంటుంది. హైదరాబాద్ నుంచి భువనగిరి, జనగామ మీదుగా హనుమకొండ వెళ్లే 163 నంబర్ హైవే మీద గూడూరు, కోమళ్ల దగ్గర టోల్ ప్లాజాలు ఉన్నాయి. టోల్ కట్టే రోడ్ల మీద పెట్రోలింగ్ వాహనం, క్రేన్, అంబులెన్స్ ఏర్పాటు ఉంటుంది. దారికి అడ్డంగా ఉన్న బండిని క్రేన్‌తో పక్కకు తీయించడం వాళ్ల పని. కానీ ఇంజిన్ రిపేరు వాళ్ల పని కాదు. ఈ తేడా తెలియక ‘ఫోన్ చేస్తే మెకానిక్‌ను పంపలేదు’ అని కోప్పడేవాళ్లు ఉంటారు. ఎవరికైనా దెబ్బలు తగిలితే 108, ప్రమాదం పొంచి ఉంటే 112.

ఫోన్‌లో ‘జనగామ దాటినం అన్నా’ అంటే ఎవరికీ అర్థం కాదు. రోడ్డు పక్కన కిలోమీటర్ రాయి మీద నంబర్ చెప్పండి. ఏ వైపు వెళ్తున్నారో, చివరగా దాటిన ఊరు ఏదో చెప్పండి. సిగ్నల్ ఉంటే వాట్సాప్ లొకేషన్ పంపండి. పస్రా దాటాక తాడ్వాయి వైపు ఏటూరునాగారం అభయారణ్యం మొదలవుతుంది. మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ, గంగారం మండలాల్లోనూ అడవే. అలాంటి చోట ఫోన్‌ను నమ్ముకోలేం. అటు నుంచి వచ్చే ఆర్టీసీ బస్సు డ్రైవర్‌కో, కండక్టర్‌కో విషయం చెప్పి పంపడమే నయం. వాళ్లకు దారిలో ఏ ఊళ్లో ఏ షాపు ఉందో బాగా తెలుసు.

మూడు జిల్లాలు.. మూడు రకాల మెకానిక్‌లు

డీజిల్ బండి మెకానిక్ దొరకాలంటే ఒక చిన్న లెక్క ఉంది. పెద్ద బండ్లు ఎక్కడ రోజూ తిరుగుతాయో అక్కడే వాటిని బాగు చేసేవాళ్లు ఉంటారు. బోర్డులు చూసి వెతకడం కంటే ఇది మేలు.

భూపాలపల్లి సింగరేణి ఊరు. పక్కనే చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. బొగ్గు టిప్పర్లు, లారీలు తిరిగే చోటు కాబట్టి డీజిల్ పని, వెల్డింగ్, రేడియేటర్ పని, టైర్ల పని తెలిసినవాళ్లు ఉంటారు. పరకాల దాటి భూపాలపల్లి, కాటారం మీదుగా కాళేశ్వరం వెళ్లే 353సీ హైవే మీద బండి డౌట్‌గా ఉంటే భూపాలపల్లిలోనే చూపించుకుని కదలడం మంచిది. కాటారం దాటాక మళ్లీ అంత పెద్ద ఊరు దొరకదు.

మహబూబాబాద్ జిల్లాలో తొర్రూరు, మరిపెడ రెండూ వరంగల్ - ఖమ్మం హైవే మీద ఉన్నాయి. లారీల రాకపోకలు ఎక్కువ. మానుకోట పట్టణంలో ట్రాక్టర్ మెకానిక్‌లకు కొదవ ఉండదు. ట్రాక్టర్ మెకానిక్ టెంపో ట్రావెలర్ ఇంజిన్ మొత్తం విప్పి బిగించకపోవచ్చు. కానీ డీజిల్ లైన్‌లో గాలి చేరితే తీయడం, ఫిల్టర్ మార్చడం, బెల్టు వేయడం, పైపుకు క్లిప్పు బిగించడం అతనికి రోజువారీ పని. దారిలో ఆగే బండ్లలో చాలావాటికి కావాల్సింది అంతే.

జనగామ సంగతి వేరు. అటు హైదరాబాద్, ఇటు వరంగల్ రెండూ అందుబాటులోనే ఉన్నాయి. చిన్న పని అయితే ఊళ్లోనే, పెద్ద పని అయితే వరంగల్ ఆటోనగర్‌కో, కంపెనీ సర్వీస్ సెంటర్‌కో తీసుకెళ్లడం.

వీటన్నిటికీ దగ్గరి దారి పెట్రోల్ బంకు. ‘ఇక్కడ డీజిల్ మెకానిక్ ఎవరు? రాత్రి పూట వస్తాడా?’ అని బంకులో అడిగితే నంబర్ దొరుకుతుంది. ఇద్దరు ముగ్గురిని అడగండి, రెండుసార్లు వినిపించిన పేరుకే ఫోన్ చేయండి.

అసలు ఇంజిన్‌కు ఏమైంది?

జాతర దారిలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది వేడి. బండి స్పీడ్‌గా వెళ్తున్నప్పుడు ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ట్రాఫిక్‌లో గంటల తరబడి పాకుతూ పోతుంటే ఆ గాలి ఉండదు, ఫ్యాన్ ఒక్కటే దిక్కు. పైగా నిండా జనం, ఆపైన ఏసీ, ఫస్ట్ గేర్‌లో సగం క్లచ్. టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టాలి. వినడానికి వింతగా ఉంటుంది. కానీ హీటర్ ఇంజిన్ వేడినే లాక్కుని బండిలోకి వదులుతుంది, ఇంజిన్ కొంత తేరుకుంటుంది. అయినా ముల్లు ఎర్రగీత దగ్గరికి వస్తే పక్కకు తీసి ఆపేయాల్సిందే.

రేడియేటర్ మూత వెంటనే తీయొద్దు. లోపల నీరు ఒత్తిడితో మరుగుతూ ఉంటుంది, తీసిన మరుక్షణం ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కనీసం అరగంట నుంచి ముప్పావు గంట ఆగి, మందపాటి గుడ్డ వేసి, కొద్దికొద్దిగా తిప్పాలి. మండుతున్న ఇంజిన్‌లో చల్లటి నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగిలిపోవచ్చు. నీళ్లు పోసిన కాసేపటికే మళ్లీ తగ్గిపోతున్నా, సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్ల పొగ వస్తున్నా, ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉన్నా హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలి. ఇక నడపొద్దు. ఎర్రటి ఆయిల్ లైట్ వెలిగినా అంతే. ‘పక్క ఊరి దాకా పోనిద్దాం’ అన్న ఆ నాలుగు కిలోమీటర్లే ఇంజిన్ బోరింగ్ పని తెచ్చిపెడతాయి.

రెండోది కరెంటు. రాత్రంతా లైట్లు, పాటలు, ఫోన్ ఛార్జింగులు ఇంజిన్ బ్యాటరీ మీదే నడిస్తే తెల్లారి సెల్ఫ్ తిరగదు. అసలైన క్యారవాన్లలో ఇంటి అవసరాలకు వేరే బ్యాటరీ పెడతారు, కారణం ఇదే. అప్పుడు పక్కన ఆగిన లారీ నుంచి వైరు వేసుకుందామనిపిస్తుంది. జాగ్రత్త! టెంపో ట్రావెలర్ లాంటి బండ్లది 12 వోల్టుల బ్యాటరీ, పెద్ద లారీలది సాధారణంగా 24 వోల్టులు. అలా కలిపితే బండి కంప్యూటర్ కాలిపోయే ప్రమాదం ఉంది. కారో, జీపో చూసుకోండి.

మూడోది, 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్ల బాధ. ఇవి పాతవాటిలా స్పానర్ దెబ్బకు లొంగవు. లోపం ఏంటో తెలియాలంటే స్కానర్ పెట్టాలి. అందుకే మెకానిక్‌కు ఫోన్ చేసినప్పుడే ‘బీఎస్-6, స్కానర్ ఉందా?’ అని అడగండి. చాలా బీఎస్-6 డీజిల్ బండ్లలో యాడ్‌బ్లూ అనే యూరియా ద్రావణం పోయాలి. అది అయిపోతే ఇంజిన్ ఆపిన తర్వాత మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు. పొలంలో చల్లే యూరియాను నీళ్లలో కలిపి పోసే ప్రయోగం చేయకండి, వేలల్లో వదులుతుంది.

డ్యాష్‌బోర్డు ఫోటో, ఇంజిన్ శబ్దం పది సెకన్ల వీడియో తీసి మెకానిక్‌కు వాట్సాప్ చేస్తే చాలా పని తేలికవుతుంది. ఏ సామాను తెచ్చుకోవాలో అతనికి ముందే తెలుస్తుంది, రెండుసార్లు తిరిగే పని ఉండదు.

లాక్కెళ్తే..

ట్రాక్టర్‌కు తాడు కట్టి లాగించడం మనకు అలవాటే. అయితే ఇంజిన్ ఆగిన బండికి పవర్ స్టీరింగ్ ఉండదు, బ్రేక్ బూస్టర్ సాయం కూడా ఉండదు. రెండు కాళ్లతో తొక్కినా బ్రేక్ అరకొరగానే పడుతుంది. దూరం ఎక్కువైతే క్రేన్ మాట్లాడుకోవడమే మేలు. కిలోమీటర్‌కు ఎంత, ఖాళీగా తిరిగి వెళ్లే దూరానికి కూడా కట్టాలా.. ఇవి బండి ఎత్తకముందే తేల్చుకోండి. లాగేటప్పుడు లోపల డ్రైవర్ తప్ప ఎవరూ ఉండకూడదు.

మెకానిక్‌తోనూ అంతే. పని మొదలుపెట్టకముందే ఖర్చు ఎంతో, కంపెనీ పార్టా లోకల్ పార్టా అడగాలి. మార్చిన పాత సామాను చూపించమనాలి. అద్దె బండి అయితే ఏదైనా విప్పకముందే ఓనర్‌కు ఫోన్ చేయాలి. రిపేరు ఖర్చు ఎవరిది, వేరే బండి పంపుతాడా లేదా అన్నది బయల్దేరే ముందు కాగితం మీద రాసుకుంటే రోడ్డు మీద గొడవ ఉండదు.

ఇన్సూరెన్స్ సంగతి. మామూలు మోటార్ పాలసీ ప్రమాదానికే గానీ దానంతట అదే పాడైన ఇంజిన్‌కు డబ్బులు ఇవ్వదు. పైగా చెడిపోయిన బండిని రిపేరు చేయించకుండా నడిపితే ఆ తర్వాత పెరిగిన నష్టం ఓనర్‌దేనని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ విడిగా తీసుకోవాలి. అది ఎన్ని కిలోమీటర్ల వరకు వర్తిస్తుందో, పసుపు నంబర్ ప్లేటు బండికి ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఇక సరుకు బండి అయిన డీసీఎంలో జనాన్ని ఎక్కించడమే చట్టవిరుద్ధం. దానికి ప్రమాదం జరిగితే పరిహారం దగ్గర పెద్ద చిక్కే.

ఆ రోజు పని అవ్వదని తేలిపోతే పిల్లలను, పెద్దవాళ్లను పంపేయడం ఉత్తమం. జనగామ, మహబూబాబాద్‌లలో రైల్వే స్టేషన్లు ఉన్నాయి. భూపాలపల్లికి రైలు లేదు, బస్సే ఆధారం, కాబట్టి అక్కడ నిర్ణయం చీకటి పడకముందే తీసుకోవాలి. బండి దగ్గర ఒకరైనా ఉండాలి. బహిరంగ ప్రదేశంలో పది గంటలకు మించి ఎవరూ లేకుండా వదిలేసిన వాహనాన్ని పోలీసులు తరలించవచ్చని మోటార్ వాహనాల చట్టం 127వ సెక్షన్ చెబుతోంది. ఆ ఖర్చు కూడా ఓనర్ మీదే పడుతుంది. ఇక పార్టు ఊళ్లో దొరక్కపోతే ఎవరూ హైదరాబాద్ పరిగెత్తాల్సిన పని లేదు. అక్కడి షాపులో డబ్బులు ఫోన్‌లోనే వేసి ఆర్టీసీ కార్గోలో పెట్టించొచ్చు. జనగామ, తొర్రూరు, మహబూబాబాద్, పరకాల, భూపాలపల్లి.. ఈ ఐదు చోట్లా ఆర్టీసీ డిపోలు ఉన్నాయి. రసీదు ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకుని, ఏ బస్సులో వస్తోందో కనుక్కుని వెళ్లి తెచ్చుకుంటే సరిపోతుంది.