మొద్దుబుఱ్ఱ విల్సను

మార్కు ట్వేను అను కలముపేరుతో ప్రసిద్ధికెక్కిన శామ్యూల్ క్లెమెన్సు (1835–1910) అమెరికా హాస్యరచయితలలో అగ్రగణ్యుడు. ఆయన వ్రాసిన టామ్ సాయరు, హకిల్‌బెరీ ఫిన్ను కథలను మన విద్యార్థులలో పలువు రెఱుగుదురు. వానియంత ప్రచారము పొందకున్నను, అధిక్షేపమున వానికన్న తీక్ష్ణమైన నవల యొకటి కలదు. దాని పేరు 'పుడ్డన్‌హెడ్ విల్సన్'. పుడ్డన్‌హెడ్ అనగా మొద్దుబుఱ్ఱ. ఈ నవల 1893 డిసెంబరు మొదలు సెంచరీ అను మాసపత్రికయందు వెలువడి, 1894లో గ్రంథరూపము దాల్చెను. ఈ మొద్దుబుఱ్ఱ యెవడు? ఆ బిరుదును వానికెవ్వ రిచ్చిరి? అది నిజమున కెవ్వరికి చెల్లును? ఈ మూడు ప్రశ్నలను విచారించినచో గ్రంథతత్త్వము బోధపడును.

కథ 1830వ సంవత్సరమున మొదలగును. మిస్సోరీ రాష్ట్రమున, మిస్సిస్సిపీ నదియొడ్డున, సెయింట్ లూయిస్ నగరమునకు దిగువగా పొగయోడపై అరదినపు ప్రయాణదూరమున డాసన్స్ లాండింగు అను చిన్న పట్టణమును రచయిత కల్పించెను. ఇండ్లకు పూలతీగెలు, కిటికీలలో పూలకుండీలు, వాని ప్రక్కన నిద్రించు పిల్లులు. చూచుటకు ప్రశాంతమైన యూరు. కాని ఆ ప్రశాంతత బానిసల చాకిరిపై నిలిచినది. ఆ రాష్ట్రమున 1865 వఱకును బానిసత్వము చట్టసమ్మతము. బానిస తప్పుచేసినచో యజమాని 'ఏటి దిగువకు అమ్మెద' నని బెదరించును. దక్షిణపు పెద్ద తోటలలో బానిసల బ్రదుకు మిక్కిలి దుర్భరమగుటచే, ఆ మాట వారికి మరణశిక్షతో సమానము.

ఈ యూరికి డేవిడ్ విల్సను అను ఇరువదియైదేండ్ల యువకుడు న్యూయార్కు రాష్ట్రమునుండి న్యాయవాదవృత్తికై వచ్చెను. వచ్చిన దినముననే నలుగురితో మాటలాడుచుండగా, కంటికి కానరాని కుక్క యొకటి విడువక మొఱుగసాగెను. ఆ కుక్కలో సగము నాదైన బాగుండునని విల్సను పలికెను. ఏల యని యొకడడుగ, నా సగమును చంపుదునని బదులు చెప్పెను. అది హాస్యమని వారికి తోచలేదు. దూరముగా పోయి, సగము చచ్చిన తక్కిన సగ మెట్లు బ్రదుకునని గంభీరముగా తర్కించి, వీడు మొద్దుబుఱ్ఱ యని తీర్మానించిరి. వారము తిరుగకముందే అతని అసలుపేరు మాసిపోయెను. ఇరువది యేండ్లకు పైగా ఆ విద్యావంతునిచేత వ్యాజ్యమును పెట్టినవారు లేరు. అతడు భూములు కొలిచియు, వర్తకుల లెక్కలు వ్రాసియు కాలము గడపెను.

తీరిక వేళలలో అతనికి వింత వ్యాపకములుండెను. వ్యంగ్యసూక్తులతో తిథిపత్రిక నొకదానిని వ్రాయుట యందులో నొకటి. గ్రంథమున ప్రత్యధ్యాయమునకు శిరమున నున్నవి ఆ సూక్తులే. ట్వేను అప్పులు తీర్చుటకై 1896లో ఉపన్యాసయాత్ర చేయుచు భారతదేశమునకు వచ్చెను. 1897లో ప్రకటించిన యాత్రాగ్రంథమునందును అధ్యాయముల పైన ఈ విల్సను సూక్తులనే నిలిపెను. రెండవ వ్యాపకము వ్రేలిముద్రల సేకరణము. ఎదుటివారిని చేతులతో జుట్టు నిమురుకొమ్మని, వ్రేళ్ళకు నూనె యంటిన పిమ్మట ఒక్కొక్క వ్రేలిని గాజుపలకపై నొత్తించి, పేరును తేదిని వ్రాసి దాచుకొనును. దొర యనక, బానిస యనక, పసిబిడ్డ యనక అందఱి ముద్రలను ఒక్కతీరున భద్రపఱచెను. ఊరివారు దీనిని మొద్దుతనమునకు మఱియొక నిదర్శనముగా నెంచిరి.

ఆ యూర పెర్సీ డ్రిస్కాలను ధనికుని యింట రాక్సీ యను బానిసస్త్రీ యుండెను. ఆమె రక్తమున పదునాఱింట నొకపాలు మాత్రమే నల్లజాతిది. చూపునకు తెల్లదొరసానియే. అయినను ఆ యొక్కపాలు చాలునని చట్ట మామెను బానిసగా నెంచెను. ఆమె కొడుకు చేంబర్సు నందు ముప్పదిరెండింట నొకపాలే. వాడును బానిసయే. యజమాని కొడుకు టామ్, వీడు ఒక్కదినముననే జన్మించిరి. ఇద్దఱిని పెంచునది రాక్సీ. వారి భేదమును తెలుపునవి ఒకని మెత్తని చొక్కా, రెండవవాని ముతక చొక్కా మాత్రమే. ఒకనాడు ఇంట కొంత సొమ్ము పోగా, బానిసలను ఏటి దిగువకు అమ్మెదనని యజమాని గర్జించెను. ఆనాటికి గండము గడచినను రాక్సీకి భయము తీరలేదు. బిడ్డతో కూడ నదిలో పడి చావ నిశ్చయించి, కడపటిసారి వానిని అలంకరింపగోరి టామ్ చొక్కా తొడిగెను. అంతట నామెకు వేఱొక దారి కనబడెను. దుస్తులు మార్చెను. ఊయెలలు మార్చెను. కన్నతండ్రియు భేదమును గుర్తింపలేదు.

ఇట్లు బానిస దొరయయ్యెను, దొర బానిసయయ్యెను. దొరగా పెరిగినవాడు గారాబముచే క్రూరుడై, జూదరియై, దొంగయయ్యెను. స్వేచ్ఛ పొందిన రాక్సీ, కొడుకు ఋణములు తీర్చుటకై మరల బానిసగా అమ్ముడువోవ నొప్పుకొనగా, వాడు ఆ తల్లినే మోసగించి ఏటి దిగువకు అమ్మెను. తుదకు తన్ను పెంచుకొనిన పెదతండ్రి ధనమును దొంగిలింపబోయి, ఆయనను పొడిచి చంపెను. ఆ కత్తి బరోడా గాయిక్వాడు ఇటలీ కవలసోదరులలో నొకనికి కానుకగా నిచ్చినదని కథ. కేక విని పరుగెత్తివచ్చిన కవలలే నేరస్థులుగా పట్టుబడిరి. వారి పక్షమున విల్సను నిలిచెను.

కత్తిపిడిపైనున్న నెత్తుటి వ్రేలిముద్రలు కవలలవి కావు. మఱి యెవరివి? ఒకరాత్రి హంతకుడే విల్సను నింటికి వచ్చి, హేళనగా మాటలాడుచు గాజుపలకను పట్టుకొని, దానిపై తన బొటనవ్రేలి గుర్తును విడిచిపోయెను. విల్సను దానిని చూచి, పాత పలకలను వెలికిదీసి పోల్చగా, ఇరువదిమూడేండ్ల నాటి ఊయెలల రహస్యముకూడ బయటపడెను. న్యాయస్థానమున జూరీవారు తాను చూడకుండ కిటికీ యద్దములపై వేసిన ముద్రలను ఇవి ఫలానివారివని చెప్పి నమ్మకము కలిగించిన పిమ్మట, హంతకుని పేరుపెట్టి పిలిచి నీ ముద్రలను వేయుమనెను. వాడు మూర్ఛిల్లెను.

ఈ సాక్ష్యపద్ధతికి మన దేశముతో సంబంధము కలదు. 1858లో బెంగాలునందు విలియం హెర్షెల్ అను ఉద్యోగి ఒక ఒడంబడికపై గుత్తదారునిచే చేతిముద్ర వేయించెను. 1880లో హెన్రీ ఫాల్డ్సు వ్రేలిముద్రలచే నేరస్థులను పట్టవచ్చునని నేచర్ పత్రికలో వ్రాసెను. 1892లో ఫ్రాన్సిస్ గాల్టను ప్రకటించిన గ్రంథమును ట్వేను చదివెను. 1897లో కలకత్తాయందు వ్రేలిముద్రల కార్యాలయ మేర్పడెను. వర్గీకరణపద్ధతిని రూపొందించుటలో ఎడ్వర్డు హెన్రీకి అజీజుల్ హక్, హేమచంద్ర బోసు తోడ్పడిరి. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము ఈ సాక్ష్యమును ఆమోదించుట 1911లో జరిగెను. కావున 1853లో జరిగినట్లు చెప్పబడిన ఈ విచారణ చరిత్రకు ముందు నడచిన కల్పన.

విల్సను గెలిచెను. మొద్దుబుఱ్ఱలము మేమే యని ఊరివా రొప్పుకొనిరి. సామాన్యరచయిత యిచటనే కథ ముగించును. ట్వేను ముగింపలేదు. నిజమైన టామ్‌కు ధనమును స్వేచ్ఛయు చేతికి వచ్చెను. కాని వాడు చదువ నేర్వలేదు, వ్రాయ నేర్వలేదు. వాని మాట, నడక, నవ్వు సర్వమును బానిసలవే. దొరల చావడిలో వానికి గుండెదడ, వంటయింటి తలుపు మూయబడెను. హంతకునికి యావజ్జీవశిక్ష పడెను. అంతట డ్రిస్కాలు అప్పులవారు వచ్చి, వీడు మాకు రావలసిన ఆస్తి, విలువగల బానిసను చెఱసాలలో మూసియుంచుట నష్టమని వాదించిరి. గవర్నరు క్షమించెను. వానిని ఏటి దిగువకు అమ్మిరి.

గ్రంథమంతటిలో వాడియైన అధిక్షేప మిదియే. వ్రేలిముద్ర ఎవడు ఎవడో చెప్పగలదు. ఎవడు బానిస కావలెనో అది చెప్పదు. దానిని చెప్పినది చట్టము, ఒప్పుకొన్నది ఊరు. సత్యమును వెలికిదీసిన విల్సనుకూడ ఆ చట్టమును ప్రశ్నింపలేదు. ఇది కథాకాలముతో తీరిన వ్యాధి కాదు. గ్రంథము వెలువడిన రెండేండ్లకు, 1896లో, ఎనిమిదింట నొకపాలు నల్లరక్తము గల హోమరు ప్లెస్సీ తెల్లవారి రైలుపెట్టెలో కూర్చుండరాదను శాసనము చెల్లునని అమెరికా అత్యున్నత న్యాయస్థానమే తీర్పు చెప్పెను. పాఠశాలల విషయమున ఆ సిద్ధాంతమును త్రోసివేయుటకు 1954 వఱకు పట్టెను.

ఇప్పుడు ఆ కుక్కకథను మఱల తలచుకొనుడు. సగము కుక్కను చంపుదునన్నవానిని ఊరు మొద్దుబుఱ్ఱ యన్నది. సగము చచ్చినచో మొత్తము చచ్చునని తామే తర్కించిరి. కాని ముప్పదిరెండు పాళ్లలో నొక్కపాలును బానిసగా నెంచి మొత్తము మనుష్యుని అమ్ముకొన్నవారును వారే. విల్సను మాట హాస్యము, వారి చట్టము సత్యము. ఆ బిరుదు ఎవరికి చెల్లునో చదువరులే నిర్ణయింతురుగాక.