చీకట్లో ఉన్న ముఖం దొరికింది.. ఎండలో ఉన్న చేను దొరకలేదు!

గుడ్లవల్లేరులో మిట్టమధ్యాహ్నం ఎవరినైనా గుమ్మంలో నిలబెట్టి ఫొటో తీసి చూడండి. వెనక వరిచేలు వెలిగిపోతాయి, మనిషి ముఖం మాత్రం బొగ్గే! మన కంటికి రెండూ బాగానే కనిపించాయి కదా, మరి ఫోన్‌కేమైంది?

సెన్సార్ అంటే చిన్న చిన్న గిన్నెలు పరిచిన పళ్లెం అనుకోండి. 50 మెగాపిక్సెల్ అంటే 5 కోట్ల గిన్నెలు. వెలుగు కణాలు, అదే ఫోటాన్లు, వానలా పడి సిలికాన్‌ను తాకితే ఎలక్ట్రాన్లు విడుదలై గిన్నెల్లో పోగవుతాయి. ఫోన్ వాటిని లెక్కపెడుతుంది. ఎక్కువుంటే తెలుపు, లేకపోతే నలుపు. అంతే, రంగు సంగతి దానికి తెలీదు. అందుకే గిన్నెలపై ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు పెడతారు. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ ఈ అమరికకు 1976లో పేటెంట్ పొందాడు. అందులో సగం ఆకుపచ్చవే. మన డెల్టా కోసమే చేశాడేమో అనిపిస్తుంది నాకైతే!

గిన్నె నిండాక ఎంత వెలుగు పడినా లెక్కలోకి రాదు. అడుగున నాలుగు చుక్కలే ఉంటే సర్క్యూట్ చేసే గోలలో, అంటే నాయిస్‌లో కలిసిపోతాయి. ఈ రెండు హద్దుల మధ్య ఉన్నదే డైనమిక్ రేంజ్. ఉదాహరణకు గిన్నెలో 8,000 ఎలక్ట్రాన్లు పట్టి, నాయిస్ 2 ఉంటే తేడా 4,000 రెట్లు. ఫొటోగ్రాఫర్లు దీన్ని దాదాపు 12 స్టాప్‌లంటారు. ఒక్కో స్టాప్‌కీ వెలుగు రెట్టింపు.

మా తాతయ్య పోయాక ఫ్రేమ్ కట్టిద్దామంటే దొరికిన ఫొటో ఒక్కటే. గుమ్మంలో నిలబడి, పక్కకు తిరిగి చేను చూస్తున్నాడు. ముఖమంతా చీకటి. స్టూడియో అతను షాడోస్ పెంచితే, కాస్త గరుగ్గానే అయినా, నెరిసిన మీసంతో సహా తాతయ్య బయటికొచ్చాడు. అమ్మ చాలాసేపు చూసి, ‘‘ఆ చేను కూడా రప్పించు బాబూ’’ అంది. అది రాలేదు. అక్కడ గిన్నెలన్నీ నిండిపోయాయి. మిగిలింది ఉత్త తెలుపు.

కాబట్టి ఎండలో తీసేటప్పుడు స్క్రీన్‌పై బాగా వెలుగున్న చోట తాకి, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి. చీకటిని తర్వాత పైకి లాగొచ్చు. హెచ్‌డీఆర్ ఆన్‌లో ఉంటే ఫోన్ వరసగా కొన్ని షాట్లు తీసి కలిపేస్తుంది. కాకపోతే గాలికి కొబ్బరాకులు ఊగితే తడబడి, ఒక్కో ఆకుకి రెండు అంచులు గీస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్లను తీసేటప్పుడు, ప్రో మోడ్‌లో ‘రా’ ఉంటే అది పెట్టండి. వాట్సాప్ కాపీ కాదు, ఒరిజినల్ దాచండి. మెమరీ ఫుల్ అంటుందా? ఆ గుడ్ మార్నింగ్ వీడియోలు డిలీట్ చేయండి!