రామగుండం నీళ్ల మీద సోలార్: ఆవిరి లెక్క తేల్చేదెవరు?

32.5 లక్షల ఘనపు మీటర్లు. రామగుండం ఎన్‌టీపీసీ జలాశయం మీద తేలే సోలార్ కేంద్రం ఏటా ఇంత నీటిని ఆవిరి కాకుండా ఆపగలదని, 2022 జులై 1న కేంద్రం పూర్తి స్థాయిలో పనిలోకి వచ్చినప్పుడు విడుదలైన ప్రభుత్వ ప్రకటన చెబుతోంది. బొగ్గు గనుల నేలలో సౌరశక్తి మీద ముఖచిత్ర కథనం కావాలని, గురువారానికల్లా పేజీలు అచ్చుకు వెళ్లాలని ఎడిటర్ చెప్పినప్పుడు గని ఉద్యోగాల గురించే రాద్దామనుకున్నాను. కాగితాలన్నీ ముందేసుకున్నాక ఈ అంకె దాటి ముందుకు పోలేకపోయాను.

ఈ కేంద్రమంటే నాకు మొదటినుంచీ అభిమానం. 100 మెగావాట్ల సోలార్‌కు 500 ఎకరాలు కావలసి వస్తే ఏ రైతు పొలమూ అడగలేదు. థర్మల్ కేంద్రం తన అవసరానికి కట్టుకున్న బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ మీదే పలకలు పరిచారు. ఖర్చు 423 కోట్ల రూపాయలు, నిర్మాణం బీహెచ్‌ఈఎల్‌ది. ఓపెన్‌కాస్టులకు, ప్లాంట్లకు, కాలనీలకు ఊళ్లకు ఊళ్లే భూములిచ్చిన ప్రాంతంలో ఇంకో భూసేకరణ నోటీసు లేకుండా ఇంత పని జరగడం చిన్న విషయం కాదు.

దాని నిర్మాణం చూడండి. మొత్తం 40 బ్లాకులు. ఒక్కో బ్లాకు 2.5 మెగావాట్లు, దాని మీద 11,200 సోలార్ పలకలు. పలకల కింద హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌తో చేసిన తేలే డబ్బాలు. నేల మీది సోలార్ ప్లాంటులో ఇన్వర్టరూ ట్రాన్స్‌ఫార్మరూ గట్టి దిమ్మెల మీద ఉంటాయి. ఇక్కడ అవీ నీళ్ల మీదే ఉన్నాయి. ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్, హైటెన్షన్ బ్రేకర్ అన్నీ ఫెర్రో సిమెంటు వేదికల మీద తేలుతుంటాయి. ఇనుప జాలికి సిమెంటు పూత పూసి పలుచగా, గట్టిగా చేసే రకం అది. జలాశయంలో నీటిమట్టం పెరుగుతుంది, తగ్గుతుంది. మృగశిర ముందు ఈదురుగాలి కొడుతుంది. బ్లాకు కొట్టుకుపోకూడదు, అలాగని బిర్రుగా బిగిస్తే నీరు పెరిగినప్పుడు మునుగుతుంది. అందుకే గట్టుకు కాకుండా అడుగుకు కట్టారు. జలాశయం అడుగున కాంక్రీటు దిమ్మెలు, వాటి నుంచి పైకి గట్టి పాలిథిలిన్ తాళ్లు. తయారైన కరెంటు 33 కేవీ భూగర్భ కేబుళ్ల ద్వారా థర్మల్ కేంద్రం స్విచ్‌యార్డుకే చేరుతుంది. బొగ్గు కరెంటు పోయే దారినే ఎండ కరెంటూ పోతోంది, కొత్త లైన్లు వేసే ఖర్చు తప్పింది.

నీళ్ల మీద పెట్టడంలో ఇంకో లాభం రామగుండం ఎండ ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. పలక వేడెక్కే కొద్దీ కరెంటు తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున పోతుంది. కింద నీరుంటే ఆ వేడి కొంత లాగేస్తుంది.

ఇక ఆవిరి లెక్క. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, 500 ఎకరాలంటే 20.23 లక్షల చదరపు మీటర్లు. 32.5 లక్షల ఘనపు మీటర్లను దాంతో భాగిస్తే 1.6 మీటర్ల లోతు వస్తుంది. మన ఎండలకు చెరువు నుంచి ఏడాదికి ఆవిరయ్యేది సుమారు ఒకటిన్నర మీటరు, ఎక్కువ వేసుకున్నా రెండు. అంటే ఆ ప్రకటన ప్రకారం 500 ఎకరాల్లో ఆవిరి దాదాపు మొత్తం ఆగిపోయిందన్నమాట.

కానీ పలకలు 500 ఎకరాలనూ కప్పలేదు. 40 బ్లాకులు, 11,200 చొప్పున, మొత్తం 4.48 లక్షల పలకలు. ఒక్కోటి రెండు చదరపు మీటర్లనుకుంటే 9 లక్షల చదరపు మీటర్లు, అంటే సుమారు 220 ఎకరాలు. మిగతాది బ్లాకుల మధ్య ఖాళీ నీరు, నడిచే దారులు, తాళ్లు చాచుకునే జాగా. పలకల కింద ఒక్క చుక్క కూడా ఆవిరి కాలేదనుకున్నా మిగిలేది 13 నుంచి 18 లక్షల ఘనపు మీటర్లు. తేలే డబ్బాలు, దారులు కప్పే నీటిని కలిపితే ఇంకొంచెం పెరుగుతుంది. 32.5 లక్షలకు మాత్రం అందదు.

ఇదే సంస్థది విశాఖ దగ్గర సింహాద్రిలో 25 మెగావాట్ల తేలే ప్లాంటు ఉంది. 2021 ఆగస్టులో మొదలైంది, 75 ఎకరాల్లో ఉంది. ఏటా 136.4 కోట్ల లీటర్ల నీరు ఆదా అవుతుందని అప్పటి ప్రకటన. అదే పద్ధతిలో భాగిస్తే నాలుగున్నర మీటర్ల లోతు వస్తుంది! మన రాష్ట్రాల్లో ఏ చెరువూ ఏడాదిలో అంత ఆవిరి కాదు. బొగ్గు ప్లాంటు ఆ మేరకు తక్కువ నడిచి వాడకుండా మిగిల్చిన నీటిని కూడా అందులో కలిపి ఉండాలి. అలా కలపడం తప్పు కాదు, ఏది ఎంతో విడిగా చెప్పాలి. రామగుండం ప్రకటనలో మాత్రం ఆగేది ఆవిరే అని స్పష్టంగా రాశారు.

ఎవరో అబద్ధం చెప్పారని నేను అనడం లేదు. ప్రాజెక్టు కాగితాల్లో అంచనాలు ఇలాగే పుడతాయి. కానీ కేంద్రం నడవడం మొదలయ్యాక అంచనా స్థానంలో కొలత రావాలి. దానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. వాతావరణ శాఖ వాడే ఆవిరి కొలత తొట్టి ఒకటుంటుంది. నాలుగడుగుల వెడల్పు, పావు మీటరు లోతున్న గుండ్రటి రేకు తొట్టి అది. చెక్క దిమ్మె మీద పెట్టి, పక్షులు తాగకుండా పైన జాలి కప్పుతారు. రోజూ పొద్దున 8.30కు లోపలి నీటిమట్టాన్ని గేజీతో చూస్తారు. నిన్నటికీ నేటికీ తేడాయే ఆవిరి, వాన పడితే ఆ మేరకు సరిచేస్తారు. ఇలాంటి తొట్టి ఒకటి పలకల నడుమ, ఇంకొకటి ఖాళీ నీటి మీద తెప్పపై పెట్టి ఒక ఏడాది రాసుకుంటే 32.5 లక్షల సంగతి తేలిపోతుంది.

బొగ్గు వైపు నుంచి చూస్తే

అదే ప్రకటనలో ఇంకో రెండు అంకెలున్నాయి. ఈ కేంద్రం వల్ల ఏటా 1.65 లక్షల టన్నుల బొగ్గు మిగులుతుంది, 2.1 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. ఈ అంకెలు నిలబడేవే. యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు చొప్పున చూస్తే ఏడాదికి 23 కోట్ల యూనిట్ల ఉత్పత్తికి సరిపోతుంది. అయితే 2023-24లో సింగరేణి తవ్విన బొగ్గు 7 కోట్ల టన్నులు, రోజుకు సగటున 1.9 లక్షల టన్నులు. జలాశయం ఏడాది పొడవునా మిగిల్చే బొగ్గు సింగరేణికి ఒక్క రోజు పని కూడా కాదు.

పక్కనే ఎన్‌టీపీసీ కొత్తగా కట్టిన తెలంగాణ ప్రాజెక్టులో 800 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. అందులో ఒక్కటి ముప్పావు సామర్థ్యంతో నడిచినా ఏటా 525 కోట్ల యూనిట్లు. అంత కరెంటు సోలార్‌తో తీయాలంటే ఇలాంటి జలాశయాలు 23 కావాలి, అంటే 11 వేల ఎకరాల పైమాటే. రాత్రి కరెంటు సంగతి వేరే. అందుకే ఈ ప్రాంతంలో సౌరశక్తి గురించి ఎవరు మాట్లాడినా ముందు భూమి గురించి మాట్లాడాలి. మెగావాటుకు ఐదెకరాలు. ఆ ఐదెకరాలు ఎవరివి?

బాక్స్: చరిత్ర ఒక్క పేరాలో

1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ బొగ్గు కనుక్కున్నాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ వచ్చింది, 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ పేరు స్థిరపడింది, 1945లో నిజాం సర్కారు చేతికొచ్చింది. ఇప్పుడు 51 శాతం తెలంగాణది, 49 శాతం కేంద్ర ప్రభుత్వానిది. రామగుండంలో 62.5 మెగావాట్ల పాత థర్మల్ కేంద్రం 1971 నుంచి నడిచి 2024లో మూతపడింది. ఎన్‌టీపీసీకి 1978 నవంబరు 14న మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. 1983లో తొలి యూనిట్ వెలిగింది, తర్వాత 2,600 మెగావాట్లకు పెరిగింది.

మట్టిగుట్టల మీద

సింగరేణికి నేల కొదవ లేదు. బొగ్గు కోసం తీసి పోసిన మట్టిగుట్టలు గోదావరిఖని నుంచి సెంటినరీ కాలనీ దాకా కొండల్లా కనిపిస్తాయి. రామగుండం-3 ఏరియాలో అలాంటి గుట్టపైనే 22 మెగావాట్ల సోలార్ పెట్టారు. నాకు బాగా నచ్చిన పనుల్లో ఇదొకటి. కష్టం ఎక్కడంటే, పోసిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. వానకు గండ్లు పడతాయి. ఒక స్తంభం జానెడు కుంగినా ఆ వరుస పలకలన్నీ వంకరపోతాయి. ఏ వయసు గుట్ట ఎంత కుంగింది, ఏ గడ్డి నాటితే వాలు నిలిచింది అన్న కొలతలు మిగతా బొగ్గు కంపెనీలన్నిటికీ కావలసినవే.

తవ్వేసిన గోతులకూ ఒక ఆలోచన ఉంది. మేడిపల్లి ఓపెన్‌కాస్టులో 500 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రం కట్టాలని సింగరేణి ప్రతిపాదించింది. పగలు మిగిలిన కరెంటుతో గోతిలోని నీటిని పైకి తోడి, రాత్రి కిందికి వదిలి టర్బైన్ తిప్పుతారు. ఇది కుదిరితే రాత్రి కరెంటు ప్రశ్నకు ఇక్కడే జవాబు దొరుకుతుంది. గోతి గోడల రాతిబలం, ఊటనీటి లెక్క ముందు తేలాలి.

బాక్స్: పగిడేరు వేడినీళ్లు

మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు అన్వేషణకు వేసిన బోరు నుంచి వేడినీరు ఉబికింది. సింగరేణి ఆ వేడితో తక్కువ ఉష్ణోగ్రతకే మరిగే ద్రవాన్ని ఆవిరి చేసి టర్బైన్ తిప్పే 20 కిలోవాట్ల ప్రయోగ కేంద్రం పెట్టింది. 20 కిలోవాట్లు కొన్ని ఇళ్లకు సరిపోయేంతే. అయినా పరిశోధనగా విలువైనదే.

చదువు దగ్గరికి

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు 40 వేలకు అటూ ఇటూ. బాయిలో (భూగర్భ గనిలో) దిగే పని ఓపెన్‌కాస్టుల్లో షావళ్లకూ డంపర్లకూ పోయింది. కారుణ్య నియామకం ఒక్కటే చాలా ఇళ్లకు మిగిలిన ఆశ. సోలార్ ఆ లోటు పూడ్చదు. కట్టేటప్పుడు కూలీ దొరుకుతుంది, కట్టాక పలకలు కడిగే పనీ, కాపలా, కొద్దిమంది టెక్నీషియన్లూ చాలు. గోదావరిఖనిలో ఎవరిని కదిపినా ‘బాయి మూస్తే మా పోరల సంగతేంది’ అనే అడుగుతారు. సోలార్ టెక్నీషియన్లను తయారుచేసే మూడు నెలల సూర్యమిత్ర శిక్షణలు ఆ ప్రశ్నకు కొంత జవాబే తప్ప పూర్తి జవాబు కావు.

పూర్తి జవాబు నా దగ్గరా లేదు. కానీ ఒక పని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. ఓపెన్‌కాస్టు, మట్టిగుట్ట సోలార్ ఉన్న ఏరియాలోనే, సెంటినరీ కాలనీలో, జేఎన్‌టీయూ మంథని ఇంజినీరింగ్ కళాశాల ఉంది. కొత్తగూడెంలో 1978లో గనుల కళాశాలగా మొదలైనది 2025లో మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయమైంది. ఆవిరి తొట్టి రీడింగు, గుట్ట కుంగుదల కొలత, పలకల వేడి, మేడిపల్లి ఊట ఇవన్నీ బీటెక్ ప్రాజెక్టులకు, పరిశోధన పట్టాలకు సరిపోయే పనులు. కార్మికుల పిల్లలు తమ ఊళ్లోనే చేయగల పనులు. కొలవడం నేర్చినవాళ్లకు రేపు ఏ రాష్ట్రంలోనైనా పని దొరుకుతుంది.

ఎన్‌టీపీసీ రామగుండం అధికారులకు నా విన్నపం ఇదే. జలాశయం మీద రెండు తొట్లు పెట్టించండి. ఈ కళాశాలల పిల్లలకు గేటు పాసులివ్వండి. ఏడాది తిరిగాక నెలనెలా రీడింగులు తెలుగులో అందరికీ కనబడేలా ప్రకటించండి. అసలు లెక్క 32.5 లక్షల కన్నా తక్కువే వచ్చినా ఈ కేంద్రం విలువ తగ్గదు. మట్టిగుట్టల మీద, గోతుల్లో, ఇతర జలాశయాల మీద వచ్చే ప్రాజెక్టులకు కొలిచిన అంకె ఆధారమవుతుంది.