కాంతి తాకితే... కప్ప పేరు!

తొలకరి పడిందంటే చాలు... మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ చుట్టుపక్కల కుంటల్లో రాత్రంతా బెకబెకలే. వానలు ముఖం చాటేస్తే రోకలికి కప్పను కట్టి ‘కప్పతల్లి’ ఆడే నేల ఇది. అయినా కప్పల్లో రకాలు చెప్పమంటే మనం బోదురు కప్ప, చెట్టు కప్ప దగ్గరే ఆగిపోతాం!

శాస్త్రవేత్తలకూ ఇబ్బందే. పొలం గట్ల మీద గెంతే చిన్న కప్పలు చూడ్డానికి అచ్చుగుద్దినట్టు ఉంటాయి, జాతులు మాత్రం వేరు. ఒకప్పుడు వాటిలో చాలావాటికి ‘లిమ్నోకారిస్’ అని ఒకటే పేరు రాసేసేవారు. నిజానికది 1829లో జావా దీవి కప్పకు పెట్టిన పేరు. మనవి వేరని డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాకే గట్టిగా తేలింది.

డీఎన్‌ఏ కావాలంటే కాలివేలి కొస కత్తిరించాలి, లేదా నోట్లో దూదిపుల్ల తిప్పాలి. ఆ నమూనా ల్యాబుకు వెళ్లాలి. అరుపును బట్టి పోల్చవచ్చుగా అంటారా? సాధారణంగా అరిచేది మగవే, అదీ జతకట్టే కాలంలోనే.

ఇక్కడే కాంతి పనికొస్తుంది. కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని సన్నటి గొట్టం ద్వారా కప్ప చర్మంపైకి పంపుతారు. చర్మంలోని నీరు, ప్రొటీన్లు, కొవ్వులు కొంత కాంతిని పీల్చుకుంటాయి. తిరిగొచ్చిన కాంతిని యంత్రం ఒక గీతగా చూపిస్తుంది. కొన్ని సెకన్ల పని, కప్పకు గాయం కాదు. అమెరికాలోని మిసిసిపి స్టేట్ యూనివర్సిటీకి చెందిన క్యారీ వాన్స్, ఆండ్రూ కౌబా తదితరులు ఈ పద్ధతితో ఉభయచరాల జాతినీ, ఆడామగా తేడానూ గుర్తించడంపై 2014లో వ్యాసం ప్రచురించారు.

అలాగని మంత్రదండమేం కాదు. తడి చర్మంలో నీటి ప్రభావం మిగతావాటిని కప్పేస్తుంది. పైగా ముందు నేర్పిన కప్పలనే యంత్రం గుర్తుపడుతుంది. కొత్త జాతి ఎదురైతే తెలిసిన పేరే తగిలించేసే ప్రమాదముంది.

ఇంత తాపత్రయం ఎందుకంటే... కైట్రిడ్ అనే శిలీంధ్ర వ్యాధి వల్ల ప్రపంచంలో కనీసం 501 ఉభయచర జాతులు క్షీణించాయనీ, వాటిలో 90 అంతరించి ఉంటాయనీ 2019లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు దాన్ని పసిగట్టే పరీక్షను రూపొందించారు. కానీ రెండు జాతులను ఒకటే అనుకుంటే, అందులో ఒకటి మాయమైనా లెక్కకు రాదు. కాంతి గొట్టాన్ని కూడా ఒక కప్పకూ మరో కప్పకూ మధ్య శుభ్రం చేయాల్సిందే, లేదంటే శిలీంధ్రాన్ని మనమే అంటించినట్టవుతుంది.

కొత్తగూడ కప్పల పేర్లు యంత్రం చెప్పాలంటే ముందుగా ఎవరో ఒకరు టార్చిలైటు పట్టుకుని ఆ కుంటల్లో దిగాలి. ఒక్కోదాన్నీ పట్టి, డీఎన్‌ఏతో పేరు ఖాయం చేసి, దాని గీతను యంత్రానికి నేర్పాలి.