పెళ్లి ఆల్బమ్‌లో మేనత్త ఎందుకు లేదు?

ఆల్బమ్ ఇంటికొచ్చిన రోజు గొడవ దాదాపు ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. ఎవరో ఒకరు కనపడరు. హారతిచ్చిన మేనత్త ఉండదు. ఊరి నుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన చిన్నతాత ఉండడు. స్వాగతద్వారం పూలదండలు మాత్రం అన్ని కోణాల్లోంచీ ఉంటాయి. ‘ఇంత డబ్బు పోసి పెట్టుకుంటే ఇదా?’ అని అందరూ ఫోటోగ్రాఫర్ మీద పడతారు. చాలాసార్లు ఆ ఫోటో పోయేది అడ్వాన్సు ఇచ్చిన రోజునే. రేటు దగ్గర గంటసేపు బేరమాడతాం, పని గురించి ఐదు నిమిషాలు మాట్లాడం. అడగాల్సిన అవసరం లేదనిపించేలా చేసే నమ్మకాలు మనకు కొన్నున్నాయి.

అపోహ: ముఖ్యమైనవాళ్లెవరో ఫోటోగ్రాఫరే చూసుకుంటాడు.

వాస్తవం: మీ చుట్టాలు అతనికి చుట్టాలు కారు. వధూవరులు, వాళ్ల తల్లిదండ్రులు, పురోహితుడు, ఇంతవరకు పోల్చుకోగలడు. మిగిలినవాళ్లను కట్టుకున్న పట్టుచీరను బట్టి, వేదిక మీద చేసే హడావిడిని బట్టి అంచనా వేస్తాడు. వెనక వరసలో సద్దు చేయకుండా కూర్చునే పెద్దవాళ్లు ఆ అంచనాకు అందరు. అందుకే తప్పక ఉండాల్సిన గ్రూపు ఫోటోలేమిటో ఒక కాగితం మీద రాసివ్వండి: నాయనమ్మతో మనవలందరూ, మేనమామలు, అమ్మ పుట్టింటివాళ్లు, ఇలా. పదిహేను ఇరవై గ్రూపులు మించకుండా చూసుకోండి. కాగితం ఒక్కటే చాలదు, మనిషి కావాలి. రెండు వైపులా పేర్లు తెలిసిన, గొంతున్న బాబాయిని ఒకరిని ఫోటోగ్రాఫర్ పక్కన నిలబెట్టండి. జనాన్ని పిలిచి నిలబెట్టే పని ఆయనది, తీసే పని అతనిది. ఈ గ్రూపులు భోజనాలకు ముందే అయిపోవాలి. విస్తరి ముందు కూర్చున్నవాళ్లు లేచి రారు, తిన్నవాళ్లు ఆగరు.

ఆచారాల సంగతి ఇంకా ముఖ్యం. తెలంగాణ పెళ్లిలో మైలపోలు, ఐరేని కుండలు, ఒడిబియ్యం ఉంటాయి. కోస్తాలో స్నాతకం, కాశీయాత్ర, నాగవల్లి. కులాన్ని బట్టి, ఊరిని బట్టి, ఇంటిపేరును బట్టి కూడా వరస మారుతుంది. మీ ఇంట్లో మేనమామ గంపలో పెళ్లికూతుర్ని ఎత్తుకొచ్చే దారి ఎటువైపో వేరే జిల్లా నుంచి వచ్చిన కుర్రాడికి ఎలా తెలుస్తుంది? ఏ తంతు తర్వాత ఏది, ఎన్ని గంటలకు, ఎక్కడ అన్నది వారం ముందే చెప్పండి. మంగళస్నానాలు, పెళ్లికూతురి అలంకరణ తీయడానికి బృందంలో ఒక ఆడమనిషి ఉండాలనుకుంటే అదీ అప్పుడే అడగాలి. (ముగ్గురే నిలబడి ఫోటో దిగితే మధ్యలో ఉన్నవాళ్లకు కీడని నాలుగో మనిషిని వెతికే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కీడేమీ లేదు. ఆ వెతుకులాటలో పోయేది టైము.)

అపోహ: ఖరీదైన కెమెరా ఉంటే ముహూర్తం దానంతటదే పడుతుంది.

వాస్తవం: మన సంప్రదాయంలో అసలు సుముహూర్తం జీలకర్ర బెల్లం. సినిమాలు చూసి చూసి మంగళసూత్రధారణే ముహూర్తమని చాలామంది అనుకుంటున్నారు. వేరే ప్రాంతం నుంచి వచ్చిన బృందాలైతే తాళి కోసం కాచుక్కూర్చుని, తెర పక్కకు తీసే క్షణాన లెన్స్ మార్చుకుంటూ దొరికిపోయే ప్రమాదముంది. తెరకు అటొకరు ఇటొకరు కూర్చుని, తమలపాకులో ముద్దను ఒకరి తలపై ఒకరు పెట్టి, తెర తొలగగానే మొదటిసారి చూసుకునే ఆ చూపు కొన్ని సెకన్ల వ్యవహారం. దాన్ని రెండోసారి చేయించలేం. ‘పంతులుగారూ, ఇంకొక్కసారి’ అని అడిగే ఫోటోగ్రాఫర్లు ఉన్నారు. అక్కడ పురోహితుడు కసిరితే తప్పు ఆయనది కాదు.

ఆ కొన్ని సెకన్లలో వేదిక మీద ఎంతమంది ఉంటారో గమనించండి. ఆడపెళ్లివారు ఒక బృందాన్ని, మగపెళ్లివారు ఇంకో బృందాన్ని మాట్లాడతారు. ఇద్దరు ఫోటోగ్రాఫర్లు, ఇద్దరు వీడియోవాళ్లు, లైటు పట్టుకున్న కుర్రాళ్లు. వీళ్లందరి ముందుకు చేతులు చాచిన సెల్‌ఫోన్లు. ఆల్బమ్‌లో మీరు చూసేది చివరికి ఎవరి మోచేతినో. రెండు వైపులవాళ్లూ ముందుగా మాట్లాడుకుని ఒకే బృందాన్ని పెట్టుకుంటే ఖర్చూ తగ్గుతుంది, వేదికా ఖాళీ అవుతుంది. పంతాలకు పోయి ఇద్దర్ని పెట్టుకున్నా, ముహూర్తానికి ఎవరు ఎటువైపు నిలబడాలో ముందురోజే వాళ్లిద్దర్నీ కలిపి మాట్లాడించండి. ‘ముహూర్తం అయ్యేదాకా ఫోన్లు దించండి’ అని మైకులో చెప్పించడం అమర్యాదేమీ కాదు.

ఇక కెమెరా గురించి. మన దగ్గర ఎక్కువగా చేసే కరిజ్మా ఆల్బమ్ షీటు 12×36 అంగుళాలు. అందులో ఒక పేజీ, అంటే 12×18 అంగుళాలు, అంగుళానికి 300 చుక్కల నాణ్యతతో అచ్చవ్వాలంటే 3600×5400 పిక్సెళ్లు కావాలి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా 4000×6000 ఇస్తుంది. సరిపోయింది. కాబట్టి మెగాపిక్సెళ్ల లెక్క వదిలేసి, ‘కెమెరా రెండు మెమరీ కార్డుల్లో ఒకేసారి రాస్తుందా? ఇంకో కెమెరా వెంట ఉంటుందా?’ అని అడగండి. కార్డో కెమెరానో చెడిపోతే మీ పెళ్లిని కాపాడేవి ఆ రెండే.

అపోహ: క్యాండిడ్ ఒక్కటి చాలు, నిలబెట్టి తీసే ఫోటోలు పాతచింతకాయ పచ్చడి.

వాస్తవం: క్యాండిడ్ ఫోటోగ్రాఫర్ పని కళ్లల్లో నీళ్లు, నవ్వులు, అప్పగింతల్లో తండ్రి ముఖం పట్టుకోవడం. ఎవరెవరు వచ్చారో నమోదు చేయడం అతని పని కాదు, అతనికి ఆసక్తి కూడా ఉండదు. ట్రెడిషనల్ ఫోటోగ్రాఫర్ వేదిక కింద నిలబడి, అక్షింతలు వేసి వెళ్లే ప్రతి కుటుంబాన్నీ తీస్తాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఆల్బమ్ తిరగేసేటప్పుడు వెతికేది ఆ బోరింగ్ ఫోటోలనే, ఎందుకంటే అప్పటికి అందులో చాలామంది ఉండరు. డబ్బు ఒక్కరికే సరిపోతే, నా ఓటు ట్రెడిషనల్‌కే. ఈ మాట ఇప్పటి పెళ్లికూతుళ్లకు నచ్చదని తెలుసు.

లెక్క కూడా చూడండి. రిసెప్షన్‌కు మూడు వందల కుటుంబాలు వస్తాయనుకుందాం. ఒక్కొక్కరు ఎక్కి, నిలబడి, కవరిచ్చి దిగడానికి ఇరవై సెకన్లు వేసినా వంద నిమిషాలు. ఆ వంద నిమిషాలూ ట్రెడిషనల్ కెమెరా కదలడానికి వీల్లేదు. భోజనాల హాల్లో తాతగారి స్నేహితులు గుమిగూడిన ఫోటో కావాలంటే రెండో మనిషి ఉండి తీరాలి. ‘అన్నీ ఒక్కడే చూసుకుంటాడులే’ అన్న ప్యాకేజీ తక్కువ ధరకు దొరికేది ఇందుకే.

అపోహ: మనం మాట్లాడుకున్న ఫోటోగ్రాఫరే వస్తాడు.

వాస్తవం: ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు. మాఘంలో, శ్రావణంలో మంచి ముహూర్తం పడితే ఒకేరోజు ఊరంతా పెళ్లిళ్లే. పేరున్న స్టూడియో ఆ రోజు మూడు నాలుగు చోట్ల పని ఒప్పుకుంటుంది. ఓనరు ఒకచోటికి వెళ్తాడు, మిగతా చోట్లకు రోజుకింతని మాట్లాడుకున్న ఫ్రీలాన్సర్లు వెళ్తారు. ఇందులో మోసమేమీ లేదు, చెప్పకపోవడమే మోసం. ఎవరొస్తారో పేరు అడగండి. వాళ్లు తీసినవే చూపించమనండి. ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించే పది ఫోటోలు పది పెళ్లిళ్లలో ఏరినవి కావచ్చు. ఒకే పెళ్లి, మొదటి నుంచి చివరిదాకా, అదీ రాత్రి ముహూర్తానిది చూస్తే పనితనం బయటపడుతుంది.

అపోహ: ఏదైనా తేడా వస్తే ఎడిటింగ్‌లో సరిచేస్తారు.

వాస్తవం: వెలుగు కొంచెం తగ్గితే పెంచవచ్చు. ఫోకస్ తప్పిన ముఖాన్ని నిజంగా స్పష్టం చేయలేరు. ఫంక్షన్ హాల్ వాళ్లు వేసే ఊదా, నీలం ఎల్ఈడీ లైట్లు నేరుగా ముఖాల మీద పడితే చర్మం అసలు రంగును వెనక్కి తేవడం దాదాపు అసాధ్యం. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. నాసిరకం ఎల్ఈడీ దీపాలు దాంతోపాటు సెకనుకు వందసార్లు మినుకుతాయి. కంటికి తెలియదు కానీ వేగంగా తీసిన ఫోటోలో అడ్డచారలుగా పడుతుంది. ముహూర్తం వేళ వేదిక మీద తెల్లలైట్లు మాత్రమే ఉంచమని చెప్పాల్సింది డెకరేషన్‌వాళ్లకు. ఫోటోగ్రాఫర్ చెబితే వాళ్లు వినరు, డబ్బిచ్చే మీరు చెబితే వింటారు.

అపోహ: తీసినవన్నీ ఎప్పుడడిగినా ఇస్తారు. ఆల్బమ్ ఆలస్యమైతే వాళ్ల బద్ధకమే.

వాస్తవం: 4కె వీడియోను సెకనుకు 100 మెగాబిట్ల నాణ్యతతో తీస్తే గంటకు 45 జీబీ. రెండు వీడియో కెమెరాలు, రెండు రోజుల పెళ్లి, దాని మీద వేలకొద్దీ రా ఫైళ్లు. సీజనంతా ఇలా పోగుపడ్డదాన్ని చాలా స్టూడియోలు ఏళ్ల తరబడి దాచవు. ఎన్నాళ్లు ఉంచుతారో అడిగి, మొత్తం డేటాను మీ హార్డ్‌డిస్క్‌లోకి తీసుకుని, ఇంకో డిస్క్‌లో నకలు పెట్టుకోండి. పెన్‌డ్రైవ్‌ను దాచుకునే సాధనంగా నమ్మకండి. ఎడిట్ చేయని రా ఫైళ్లు కావాలంటే ముందే మాట్లాడుకోవాలి. చాలామంది ఇవ్వరు, ఇవ్వాలన్న ఆనవాయితీ కూడా లేదు.

ఆలస్యం సంగతికొస్తే, నలభై షీట్ల ఆల్బమ్‌కు షీటుకు ఐదు చొప్పున రెండు వందల ఫోటోలు ఏరాలి. ఏరాల్సింది మీరు. పెళ్లికూతురు అమెరికా వెళ్లిపోతుంది, ‘నువ్వు చూడు, నేను చూస్తా’ అంటూ ఏడాది గడుస్తుంది. స్టూడియోలో ఆ పని వెనక్కి పోతుంది. ఫోటోలు చేతికొచ్చిన నెలలోపు ఏరి ఇచ్చే కుటుంబాలకు ఆల్బమ్ త్వరగానే వస్తుంది.

అపోహ: తీసినవాడిదే హక్కు, ఎక్కడ పెట్టుకున్నా మనం అడ్డుచెప్పలేం.

వాస్తవం: అమెరికాలో మామూలుగా కాపీరైటు తీసినవాడిదే. అక్కడి మాటలు విని ఇక్కడా అంతే అనుకుంటారు. మన 1957 కాపీరైటు చట్టంలోని 17వ సెక్షన్ వేరుగా చెబుతుంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. ‘వేరే ఒప్పందం’ అన్న చోటే మెలిక. మీరు చదవకుండా సంతకం పెట్టిన కాగితంలో హక్కులు స్టూడియోవని రాసి ఉండొచ్చు. పెళ్లి ఫోటోలు వాళ్ల ప్రచారానికి వాడుకోనివ్వడంలో తప్పులేదు, రేటు తగ్గించమని అడగడానికి అదొక ఆధారం కూడా. ఓణీల ఫంక్షన్, బారసాల ఫోటోల దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. పిల్లల ఫోటోలు అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదని రాయించుకోండి.

బారసాల అంటే గుర్తొచ్చింది. ఫ్లాష్ పడితే పసికందు కళ్లు పోతాయన్న భయానికి ఆధారం లేదు. ఫ్లాష్ ఫోటోల్లో బిడ్డ ఒక కంటిపాప మాత్రం పదేపదే తెల్లగా మెరుస్తుంటే ఆలస్యం చేయకుండా కంటి డాక్టర్‌కు చూపించాలి. రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్‌కు అది ఒక గుర్తు కావచ్చు.

అపోహ: డ్రోన్ ఎగరేయడానికి ఎవర్నీ అడగక్కర్లేదు.

వాస్తవం: 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరేసే మనిషికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు అనుమతి అక్కర్లేదు, విమానాశ్రయాల చుట్టుపక్కల కావాలి. బేగంపేట లాంటి ఎయిర్‌పోర్టు ఊరి నడుమనే ఉన్న హైదరాబాద్‌లో మీ ఫంక్షన్ హాలు ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ ‘డిజిటల్ స్కై’ మ్యాపులో చూసుకోవాలి. గుడిలో పెళ్లైతే దేవస్థానం నియమాలు వేరు. తిరుమల ఆలయంలోకైతే కెమెరాను, ఫోన్‌నే రానివ్వరు.

సినిమా పాటల దగ్గరా ఇలాంటి గందరగోళమే. పెళ్లి ఊరేగింపులో, వేడుకలో పాటలు వేయడానికి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అదే పాటను పెళ్లి వీడియోకు అతికించి యూట్యూబ్‌లో పెడితే ఆ మినహాయింపు వర్తించదు. ఆడియో కంపెనీ క్లెయిమ్ వేస్తే గొంతు తీసేసిన మూకీ పెళ్లి మిగలొచ్చు.

అపోహ: అడ్వాన్సు ఇచ్చేశాక ఇక వాళ్ల దయ.

వాస్తవం: డబ్బు తీసుకుని ఒప్పుకున్న పని చేయకపోతే అది సేవాలోపం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. పెళ్లి విజయవాడలో జరిగినా మీరు ఉండేది వరంగల్ అయితే వరంగల్‌లోనే వేయవచ్చు. గడువు రెండేళ్లు. ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెబితే తగాదా అక్కడే తేలిపోవచ్చు. దేనికైనా ఆధారం కావాలి కాబట్టి ఎన్ని కెమెరాలు, ఎవరొస్తారు, ఎన్ని గంటలు, ఎన్ని షీట్లు, ఎప్పటికిస్తారు అన్నవి ఒక్క పేజీలో రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. స్టూడియో పెద్దదైనా, తెలిసినవాడే అయినా సరే. అడ్వాన్సు రసీదు, వాట్సాప్ మాటలు ఆల్బమ్ చేతికొచ్చేదాకా చెరిపేయకండి. మిగతా డబ్బులో కొంత ఆల్బమ్ అందాకే ఇస్తామని ఆ పేజీలోనే రాయండి.