వేగము – సారథ్యానందము

వేగం మానవుని చిరకాల స్వప్నం. కాలినడక నుండి అశ్వానికి, అశ్వం నుండి యంత్రానికి సాగిన అతని ప్రస్థానంలో ఆ కాంక్ష ఏనాడూ తగ్గలేదు. అయితే మిక్కిలి వేగంగా పోయే వాహనమే నడిపేవానికి మిక్కిలి ఆనందాన్ని ఇస్తుందా? ఈ ప్రశ్నను విచారించడానికి పరస్పరం పోటీపడిన రెండు కార్లను పరిశీలిద్దాం. ఒకటి జర్మనీ దేశపు పోర్షే 911, రెండవది జపాను దేశపు నిస్సాన్ జీటీ-ఆర్. రెండూ కూపేలు, అనగా రెండు తలుపులు, వెనుకకు వాలిన పైకప్పు గల కార్లు.

పోర్షే 911 తొలిసారిగా 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో కనిపించింది. దాని ఇంజను వెనుక ఇరుసుకు కూడా ఆవల అమర్చబడి ఉంటుంది. బరువు వెనుక చక్రాలపై పడడం వలన బయలుదేరేటప్పుడు అవి నేలను గట్టిగా పట్టుకుంటాయి. కాని పాత 911లో మలుపు మధ్య భయపడి యాక్సిలరేటరుపై నుండి పాదాన్ని హఠాత్తుగా తీస్తే, భారం ముందుకు మరలి, వెనుక టైర్ల పట్టు సడలి, కారు వెనుక భాగం ప్రక్కకు జారేది. కనుక మలుపుకు ముందే వేగం తగ్గించాలి. మలుపు దాటుతూ క్రమక్రమంగా పెంచాలి. ఆ కారు తన సారథికి ఓర్పును నేర్పింది.

జీటీ-ఆర్ పేరుతో 2007లో వెలువడిన కారు మార్గం వేరు. ముందు 3.8 లీటర్ల ఇంజను, రెండు టర్బోలు, 480 అశ్వశక్తి, సుమారు 1,740 కిలోల బరువు. శక్తిని నాలుగు చక్రాలకూ పంచే పని కంప్యూటరుది. గేర్లు మార్చడానికి క్లచ్ పెడల్ అక్కరలేదు. సుమారు 21 కిలోమీటర్ల నూర్బర్గ్‌రింగ్ బాటను ఆ కారు 7 నిమిషాల 29 సెకన్లలో చుట్టివచ్చిందని 2008లో నిస్సాన్ ప్రకటించగా, పోర్షే బహిరంగంగా సందేహం వెలిబుచ్చింది. సామాన్య సారథి సైతం సాహసించగల వేగాన్ని, తక్కువ ధరకు అందించిన ఘనత మాత్రం జీటీ-ఆర్‌దే. 2025లో దాని ఉత్పత్తి ముగిసింది.

ఇక ఆనందం మాటకు వద్దాం. కారు మలుపు తిరిగేటప్పుడు ముందు టైర్లు కొద్దిగా మెలితిరిగి, మరల తిన్నగా కావడానికి ప్రయత్నిస్తాయి. ఆ బలం స్టీరింగు ద్వారా అరచేతులకు చేరుతుంది. పట్టు పూర్తిగా తప్పకముందే ఆ బరువు తేలికపడుతుంది. జట్కావాడు పగ్గాల బిగువును బట్టి గుర్రం మనస్సు గ్రహించినట్లే, నేర్పరి అయిన సారథి ఆ సంకేతాన్ని కంటికన్న ముందు చేతితో గ్రహిస్తాడు. యంత్రానికీ మనిషికీ నడుమ జరిగే ఈ సంభాషణలోనే ఆనందం ఉన్నది.

ఇందుకు ఒక నిదర్శనం కలదు. 2013లో పోర్షే తన 911 జీటీ3 కారు నుండి చేతితో మార్చే గేర్లను తొలగించింది. కొత్త గేర్ల పెట్టె నిస్సందేహంగా వేగవంతమైనది. అయినా అభిమానులు అసంతృప్తి చెందారు. 2016లో చేతి గేర్లతో 911 ఆర్ అనే కారును 991 మాత్రమే నిర్మించగా వాటికి విపరీతమైన గిరాకీ ఏర్పడింది. 2017లో జీటీ3లో కూడా చేతి గేర్లు తిరిగివచ్చాయి. క్షణకాలం ఆలస్యమైనా సరే, ఆ పని తామే చేయాలని వారు కోరుకున్నారన్న మాట!

విద్యార్థి మిత్రులారా! ఆ కార్లు మనలో పెక్కుమందికి అందనివే కావచ్చు. కాని టైరు పట్టును గుర్తెరగడం, బ్రేకును సకాలంలో వేయడం, మలుపును ముందుగా అంచనా కట్టడం అనేవి పాత స్కూటరుపై, గంటకు 40 కిలోమీటర్ల వేగంలోనూ అలవరచుకోదగిన విద్యలు. పందెపు బాటపై పొరపాటు చేసినవాడు పందెం ఓడిపోవచ్చు. రహదారిపై ఆ పొరపాటుకు మూల్యం చెల్లించేది ప్రక్కన నడిచిపోయే నిరపరాధి. వేగానిదేమున్నది, యంత్రమే ఇస్తుంది. దానిని ఎచ్చట తగ్గించాలో ఎరిగిన వివేకమే సారథ్యం.